కిటికీ అవతల జంపక్క

హేమలత కిటికీలో చెట్టును పెడుతుంది, గుట్టను పెడుతుంది, కావాలంటే గోదావరిని తెచ్చి పెడుతుంది. మనిషిని మాత్రం పెట్టదు. ఎంత పెద్ద గిరాకీ వచ్చి బతిమాలినా పెట్టదు. మణుగూరులో ఫోటోల పని చేసేవాళ్ళంతా దీన్ని ఆమె పొగరు అంటారు. హేమలతకు పొగరు లేదని నేను అనను, కావలసినంత ఉంది. కానీ దీనికి కారణం అది కాదు. ఆ కారణం పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. 

నా పేరు ప్రమీల. శ్రీధర్ స్టూడియోను ఆనుకుని ఉన్న జిరాక్స్ షాపు నాది. రెండు షాపుల మధ్య గోడ సగం ఇటుక, సగం రేకు. అటువాళ్ళు దగ్గితే ఇటు వినపడుతుంది. హేమలత ఆ స్టూడియోలో కంప్యూటర్ మీద ఫోటోలు సరిచేసే పనిలో చేరిన రోజు నుంచి ఆమె సణుగుడంతా రేకు మీదుగా నాకే చేరేది. కరెంటు పోతే సణుగుడు, శ్రీధర్ ఫోటో వంకరగా తీస్తే సణుగుడు, పెళ్ళికొడుకు తనను ఇంకా తెల్లగా చెయ్యమంటే మరీ సణుగుడు.

ఆమెది కల్లూరు దగ్గర ఒక తండా. తండ్రి రూప్‌సింగ్ మిర్చి రైతు. కొడుకు బ్యాంకులో చేరాడు కాబట్టి కూతురు టీచరు కావాలని ఆయన ఆశ. కూతురేమో కొత్తగూడెంలో కంప్యూటర్ కోర్సు చేసి బొమ్మల పనికి అతుక్కుపోయింది. ఆయన చూడటానికి వచ్చినప్పుడల్లా నా షాపులో కూచుని వాపోయేవాడు. "చూడమ్మా, డిగ్రీ చదివిన పిల్ల మంది మొకాల మీది మచ్చలు తుడుస్తున్నది" అనేవాడు. రేకు అవతల నుంచి జవాబు వచ్చేది. "మచ్చలు తుడిచేటోళ్ళు ఊరికొకరు ఉన్నరు బాపూ. నా లెక్క కిటికీ నింపేటోళ్ళు జిల్లాల లేరు!"

కిటికీ నింపడం అనే మాట ఆమెదే. గది లోపల ఫోటో తీస్తే ఒక చిక్కు ఉంది. లోపలి మనుషులు కనపడేలా కెమెరాను సర్దితే కిటికీలు తెల్లగా కాలిపోతాయి. బయటిది కనపడేలా సర్దితే లోపల చీకటి. మామూలు ఫోటోలో ఒక కిటికీ తెల్లబోయినా ఎవరూ పట్టించుకోరు. కెమెరాను గది మధ్యలో నిలబెట్టి, చుట్టూ తిప్పుతూ ముక్కలు ముక్కలుగా తీసి, వాటిని అతికి ఒకటే పొడుగు పటం చేస్తే మాత్రం గదిలోని కిటికీలన్నీ వరసగా వచ్చేస్తాయి. అన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి. ఆ తెలుపు తీసేసి, ఊచల వెనక బయటి దృశ్యాన్ని కూర్చోబెట్టాలి.

మిగతా స్టూడియోల వాళ్ళు కూడా ఈ పని చేసేవాళ్ళు. పినపాకలో పెళ్ళి జరిగితే కిటికీలో మంచుకొండలు పెట్టేవాళ్ళు. వాటిని చూసి హేమలత తల కొట్టుకునేది. బయటి నేల, ఆకాశం కలిసే గీత కెమెరా ఎత్తుకు సరిగ్గా రావాలట. కిటికీ అవతలిది గదికంటే కొంచెం వెలుగెక్కువగా, కొంచెం మసకగా ఉండాలట. ఊచల అంచులను వెలుగు కాస్త కొరికినట్టు ఉండాలట. బయట పచ్చటి చెట్టు ఉంటే కిటికీ గడప మీద ఆ పచ్చదనం పల్చగా పడాలట. అన్నిటికంటే ముఖ్యంగా, గదిలో నేల మీద పడ్డ ఎండ ఏ పక్క నుంచి వచ్చిందో బయటి నీడలు కూడా అదే చెప్పాలట. ఇదంతా నాకు చెప్పేటప్పుడు ఆ పిల్ల అన్నం కూడా మర్చిపోయేది.

రెండు వేల ఏడు ఎండాకాలంలో రాళ్లవాగు గుంపు పని వచ్చింది. పినపాక అవతల, వాగు దాటాక అడవి అంచున ఉన్న కోయగూడెం అది. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు అక్కడ సమావేశాల హాలు కట్టించారు. హాలు తెరిచిన రోజున ఊరంతా లోపల కూచున్న దృశ్యాన్ని పొడుగు పటంగా చేసి, ఫ్లెక్సీ కొట్టించి ఆ హాలు గోడకే తగిలించాలని వాళ్ళ కోరిక. శ్రీధర్ వెళ్ళి తీసుకొచ్చాడు. యథాప్రకారం కిటికీలన్నీ తెల్లగా వచ్చాయి.

బయటి ఫోటోలు ఏమైనా ఉన్నాయా అని హేమలత అడిగితే, శ్రీధర్ ఆ గుంపులో ఎప్పుడెప్పుడో తీసినవన్నీ ఒకే చోట కలిపి ఇచ్చాడు. హాలు కట్టకముందు, ఖాళీ జాగాను చూడటానికి సంస్థ వాళ్ళు వెళ్ళినప్పుడు తీసినవి కూడా వాటిలో ఉన్నాయి. వాటిలో ఒకటి చూసి హేమలత కుర్చీలో ఎగిరినంత పని చేసింది. హాలు వచ్చిన జాగాలోనే నిలబడి, పక్క ఇంటి వాకిలి వైపు తీసిన ఫోటో అది. ఒక మామిడి చెట్టు మొదలు, దాని కింద చాప, చాప మీద మామిడికాయలు కోస్తూ ఒక పెద్దావిడ, ఆమె నోట్లో ఒక ముక్క. కెమెరా ఎత్తు సరిపోయింది. చెట్టు నీడ హాలు నేల మీది ఎండకు సరిగ్గా కలిసింది.

పని అయ్యాక నన్ను పిలిచింది. "ప్రమీలక్కా, జర ఇటు రా. ఈ కిటికీ నిజమా అబద్ధమా చెప్పు."

నేను కళ్ళద్దాలు సర్దుకుని చూశాను. లోపల ఊరు ఊరంతా కూచుని ఉంది. కిటికీ ఊచల అవతల ఆ పెద్దావిడ తన మానాన తాను కాయలు కోసుకుంటోంది. అద్దం తీసి చూసినట్టే ఉంది. "ఈమె ఎవరే?" అన్నాను.

"ఏమో, తెల్వదు. నీడ మంచిగ కుదిరింది" అంది.

ఆ మాట అన్నప్పుడు ఆమె నవ్వుతోంది. నేను కూడా నవ్వాను. ఫ్లెక్సీ వెళ్ళిపోయింది, డబ్బులు వచ్చాయి, ఇద్దరం ఆ సంగతి మర్చిపోయాం.

వానలు మొదలయ్యాక ఒకరోజు కళావతి నా షాపుకు వచ్చింది. ఆమెది రాళ్లవాగు గుంపే, అక్కడ అంగన్‌వాడీ టీచరు. కాగితాలు జిరాక్సుకు ఇచ్చి, తడిసిన కొంగు పిండుకుంటూ బల్ల మీద కూలబడింది. ఊళ్ళో అంతా బాగేనా అని మాటవరసకు అడిగాను.

"ఏం బాగు అక్కా. మా జంపక్క ఊళ్ళె ఉంటలేదు. చేన్ల గుడిసె వేసుకొని ఒక్కతే ఉంటున్నది. వానకు తడుస్తున్నది. రమ్మంటే రాదు."

"ఎవరన్నా వెళ్ళగొట్టిండ్రా?"

"అయ్యో, ఎవరు వెళ్ళగొడతరు? ఊరు పెద్ద సీతయ్య సుత పోయి బతిమాలిండు. ఆమెనే పోయింది." కళావతి గొంతు తగ్గించింది. "మా దగ్గర మామిడి కొత్త పండుగ ఉంటది గదా. ఊరంత కలిసి దేవతకు పెట్టినంకనే కొత్త కాయ తింటం. పెట్టకముందు రాలిన కాయ సుత ఎవ్వరం నోట్ల పెట్టం. తింటె దేవత కోపం ఇంటి మీద పడతదంటరు. జంపక్క పెట్టకముందే తిన్నది. ఫోటోల దొరికింది."

నేను ఫక్కున నవ్వాను. ఫోటోలో దొరకడం ఏమిటి, దొంగతనమా అన్నాను. నా నోటికి తాళం వెయ్యాలి కొన్నిసార్లు.

కళావతి నవ్వలేదు. హాలు తెరిచిన రోజు పండుగకు ముందు వచ్చిందట. ఊరంతా హాల్లో ఉంటే జంపక్క ఒక్కతే ఇప్పపువ్వు ఏరడానికి అడవికి పోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆమె మనవరాలికి జ్వరం వచ్చింది. కూతురు బిడ్డ, జంపక్క చేతుల్లో పెరిగిన పాప. దవాఖానాకు తీసుకుపోయేసరికి ఆలస్యమైంది, పాప పోయింది. మామూలు జ్వరానికే ఎందుకు పోయిందో ఎవరికీ అర్థం కాలేదు. అంతలో ఫ్లెక్సీ వచ్చి గోడ ఎక్కింది. ఎవరికి వారు తమ ముఖాలు వెతుక్కుంటూ ఉంటే ఒకామె పటంలోని కిటికీ దగ్గర ఆగిపోయి జంపక్కను పిలిచింది. జంపక్క వచ్చి చాలాసేపు చూసింది. ఏమీ మాట్లాడకుండా ఇంటికి పోయి, గిన్నెలు మూట కట్టుకుని చేనుకు వెళ్ళిపోయింది.

"నా నోటి కోసం పిల్లను తిన్న అంటది అక్కా" అంది కళావతి.

రేకు అవతల ఏదో కింద పడ్డ చప్పుడైంది. తల తిప్పి చూస్తే హేమలత నా షాపు గుమ్మంలో నిలబడి ఉంది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "అది పోయినేటి ఫోటో" అంది.  నేను లేచి ఆమెను పట్టుకుని బల్ల మీద కూచోబెట్టాను.

కంప్యూటర్లో వెతికితే ఆ ఫోటో తీసిన తేదీ దొరికింది. ముందు ఏడాది, పండుగ అయిపోయిన తర్వాతి నెల. ఊరంతా కాయలు కోసి ఎండబెట్టుకునే రోజులు. జంపక్క ఏ తప్పూ చెయ్యలేదు. చోటు నిజమే, మనిషి నిజమే, కాయ నిజమే, ఏడాది ఒక్కటే అబద్ధం. 

శ్రీధర్ చెడ్డవాడు కాదు, భయస్తుడు. "ఊకో హేమా. ఇప్పుడు పోయి ఫోటో అబద్ధం అని చెప్తే సంస్థవాళ్ళు మనకు మళ్ళ పని ఇస్తరా? ఎవరు వెళ్ళగొట్టలేదని కళావతే అంటున్నది గదా" అన్నాడు.

"ఆమె మనవరాలిని తనే చంపుకున్న అనుకుంటున్నది సార్" అంది హేమలత. 

మర్నాడే ఆమె ఫోటోలు ప్రింటు తీసుకుని బయలుదేరింది. ఒక్కదాన్నే పంపడానికి మనసొప్పక నేను షాపు మూసి వెంట వెళ్ళాను. కళావతి వాగు దగ్గర ఎదురు చూస్తోంది. చెప్పులు చేత పట్టుకుని, చీరలు ఎగ్గట్టి మోకాలి లోతు నీళ్ళలో దాటాం. వాగు మధ్యలో నేను రాయి మీద జారి హేమలతను కూడా పట్టుకుని కూలబడ్డాను. ఇంకో రోజైతే ఆ పిల్ల నన్ను నెలరోజులు ఆట పట్టించేది. ఆ రోజు ముఖం కూడా తిప్పలేదు.

సీతయ్య మమ్మల్ని హాల్లో కూచోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాడు. పెద్దమనిషి, నిదానస్తుడు, చెవి వెనక చుట్ట. గోడ మీద ఆ ఫ్లెక్సీ ఉంది. అంత పెద్దగా చూడటం నాకు అదే మొదలు. కిటికీలో జంపక్క కదులుతుందేమో అనిపించేంత నిజంగా ఉంది. నాకు దాన్ని చూస్తే భయం వేసింది.

హేమలత మొదట తెల్ల కిటికీ ఉన్న అసలు ఫోటో చూపించింది. సీతయ్య దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఈడ ఉన్నదాన్ని మీరు చెరిపిండ్రు బిడ్డా. చెరుపుడు అలకనే గదా" అన్నాడు. తర్వాత మామిడికాయల ఫోటో చూపించి ఇది పోయినేటిది అంది. "పోయినేడని కాయ మీద రాసి ఉంటదా?" అని అడిగాడు. ఆ అడగడంలో వెక్కిరింత లేదు, నిజంగానే అడిగాడు. తర్వాత లేచి ఫ్లెక్సీ దగ్గరకు వెళ్ళి, నేల మీది ఎండ పట్టీని, కిటికీలోని చెట్టు నీడను వేలితో చూపించాడు. "ఇగో, ఎండ ఈ దిక్కు, నీడ ఈ దిక్కు. మనుషులు అబద్ధం ఆడతరు గని నీడ ఆడదు. నువ్వు మంచిదానివి, జంపక్కను కాపాడుదామని వచ్చినవు. మాకు సుత గదే కావాలె. కాని కండ్లతోటి చూసినదాన్ని ఏం చెయ్యాలె చెప్పు?"

 ఏ నీడ కుదిరిందని మురిసిపోయిందో ఆ నీడే హేమలతకు అడ్డం పడింది.

మేము చేనుకు నడిచాం. జంపక్క గుడిసె ముందు కూచుని తడి పుల్లలతో పొయ్యి రాజేస్తోంది. సన్నటి మనిషి, ఎముకలు తేలాయి. హేమలత ఆమె ముందు మోకాళ్ళ మీద కూచుని అంతా చెప్పింది. ఫోటో తానే మార్చానని, అది ముందటి ఏడాదిదని, నువ్వు ఏ తప్పూ చెయ్యలేదని మూడు రకాలుగా చెప్పింది. జంపక్క పొయ్యి ఊదుతూనే ఉంది.

"నన్ను బాధ పెట్టకు బిడ్డా" అంది చివరికి. "నేను తిన్న. నాకు యాదికున్నది."

"తిన్నవా?"

"అవ్. హాలు తెరిచిన దినమే తిన్న. అడవికెళ్ళి వచ్చిన. ఆకలైంది. ఒక్క ముక్క కోసుకున్న. పుల్లగుండె." నాలుక పెదవుల మీద తిప్పి ముఖం ముడిచింది. "గా పులుపు ఇప్పటికి నోట్లెనే ఉన్నది. ఏం తిన్నా పోతలేదు."

దేవుడా, నా జీవితంలో అంత దిమ్మ తిరిగిన క్షణం ఇంకొకటి లేదు. కళావతి నా వైపు చూసింది, నేను కళావతి వైపు చూశాను. జంపక్క అబద్ధం చెప్పడం లేదు. ఫ్లెక్సీ చూసి చూసి, రాత్రింబవళ్ళు తలుచుకుని తలుచుకుని, జరగని రోజును నిజంగానే గుర్తు చేసుకుంటోంది. మధ్యాహ్నం సభ ముగిసి జనం హాలు బయట నిలబడ్డాకే ఆమె ఇప్పపువ్వు గంపతో తన కళ్ళ ముందే అడవి నుంచి తిరిగొచ్చిందని కళావతి గుర్తు చేసినా ఆమె తల అడ్డంగానే ఊపింది.

తిరుగు బస్సులో హేమలత కిటికీ వైపు ముఖం తిప్పుకుని ఏడుస్తూనే ఉంది. "నేను నీడనే చూసిన అక్కా. మనిషిని చూడలే" అంది. నాకు ఓదార్చడం చేతకాలేదు. నిజం చెప్పాలంటే ఆ పూట ఆమె మీద కోపం కూడా వచ్చింది. అంత పనితనం ఎందుకమ్మా, నువ్వు కూడా మంచుకొండలే పెట్టి ఉంటే ఒక మనిషి బతికిపోయేది కదా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఫోటోలు చూపిస్తే నమ్మరు, మాటలు చెప్తే నమ్మరు. వాళ్ళ కళ్ళ ముందే చేసి చూపించాలి అంది హేమలత. ఆ కాలంలో మా దగ్గర లాప్‌టాప్ ఎవరికుంది? ఆ బరువు మానిటరు, సీపీయూ, కరెంటు పోతే కాసేపు నడిపే యూపీఎస్, అన్నీ కట్టుకుని పోవాలి. శ్రీధర్ ఒప్పుకోడని నేను పందెం కాసేదాన్నే. ఆయన తనే కిందికి వంగి వైర్లు పీకాడు. "తీస్కపో. పోతే స్టూడియో పోతది, ఏంజేద్దాం" అన్నాడు. కెమెరా కూడా మెడలోంచి తీసి ఇచ్చాడు.

ట్రాలీ ఆటో వాగు దాకా వచ్చింది. అక్కడి నుంచి సీతయ్య పంపిన మనుషులు మానిటరును రెయిన్‌కోటులో చుట్టి తల మీద పెట్టుకుని దాటించారు. ఊరంతా హాల్లోకి వచ్చింది. కళావతి ఎలా బతిమాలిందో గాని జంపక్క కూడా వచ్చింది. కానీ లోపలికి రాలేదు. గడప అవతల, చూరు కింద, ఒక పక్కకు ఒదిగి కూచుంది.

హేమలత పెద్దగా ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ముందు సీతయ్యను బయటికి తీసుకెళ్ళి జంపక్క వాకిట్లోని మామిడి చెట్టు కింద కూచోమంది. చుట్ట కాల్చుకొమ్మంది. ఆయన చుట్ట నోటి దగ్గర పెట్టుకున్నప్పుడు ఫోటో తీసింది. తర్వాత ఆయనను హాల్లోకి తెచ్చి అందరి ముందు వరసలో కూచోబెట్టి, కిటికీ కూడా వచ్చేలా హాలును తీసింది. తీసినవి కంప్యూటర్లోకి ఎక్కించి పనికి కూచుంది. వోల్టేజీ తక్కువై తెర ముడుచుకుని మళ్ళీ విచ్చుకునేది. యూపీఎస్ కీచుమన్నప్పుడల్లా పిల్లలు ఉలిక్కిపడేవాళ్ళు.

జనం ఆమె వెనక గుమిగూడి చూస్తున్నారు. తెర మీద తెల్లటి కిటికీ. ఆమె ఆ తెలుపును ఊచల చుట్టూ జాగ్రత్తగా కోసి తీసేసింది. చెట్టు కింద సీతయ్యను దాని వెనక పెట్టింది. మసక చేసింది. వెలుగు పెంచింది. గడప మీద కాస్త పచ్చదనం పూసింది. వాన మబ్బుకు నీడ లేకపోతే నీడ కూడా తనే వేసింది, నేల మీద ఎండ పట్టీ కూడా తనే వేసింది. ఎవరో ఆడమనిషి "ఓయమ్మో" అంది. తర్వాత పాత ఫోటోలోంచి మామిడి ముక్కను తీసి, సీతయ్య నోటి దగ్గరి చుట్టను చెరిపి, దాని చోట పెట్టింది. మునివేళ్ళను కాస్త సర్దింది.

పక్కకు జరిగి, "చూడు పెద్దయ్యా" అంది.

సీతయ్య వచ్చి తెర ముందు వంగాడు. హాల్లో ముందు వరసలో సీతయ్య కూచుని ఉన్నాడు. కిటికీ అవతల, చెట్టు కింద, ఇంకో సీతయ్య మామిడికాయ తింటున్నాడు. వానాకాలం. ఊళ్ళో ఒక్క చెట్టుకు ఒక్క కాయ లేదు.

 ఒక్క పిల్ల కూడా నవ్వలేదు. సీతయ్య కళ్ళు పెద్దవయ్యాయి. ఆయన చెయ్యి దానంతట అదే లేచి మూతి తుడుచుకుంది. ఒకసారి కాదు, రెండుసార్లు తుడుచుకున్నాడు. ఆ వేళ్ళ వైపు చూసుకున్నాడు. తర్వాత నిజం కిటికీ దగ్గరకు పోయి, ఊచలు పట్టుకుని, ఎవరూ లేని ఆ చెట్టు కిందికి చాలాసేపు చూశాడు.

"నేను తినలే" అన్నాడు, ఎవరో అడిగినట్టు. తర్వాత గడప వైపు తిరిగాడు.  "అక్కా, నేను తినలే. నువ్వు సుత తినలే. ఈ బిడ్డ చెప్పింది నిజం. మేమే నమ్మలే."

జంపక్క లేచింది. లోపలికి వచ్చింది. జనం దారి ఇచ్చారు. ఆమె తెర దగ్గరగా ముఖం పెట్టి సీతయ్యను చూసింది, వెనక్కి తిరిగి నిలబడ్డ సీతయ్యను చూసింది. గోడ మీది ఫ్లెక్సీలో తనను చూసుకుంది. తర్వాత హేమలత భుజం మీద చెయ్యి వేసింది.

"మరి నా నోట్లె పులుపు?"

"అది నేనే పెట్టిన అమ్మా" అంది హేమలత. ఆ పిల్ల ఆ మాట ఎలా అనగలిగిందో నాకు తెలియదు. నేనైతే వాగులో దూకి పారిపోయేదాన్ని.

"అయితే పిల్ల నా వల్ల పోలేదా?"

"లేదమ్మా. జ్వరంతోటి పోయింది. నీ వల్ల పోలేదు."

 జంపక్క పెదవులు రెండు మూడుసార్లు కదిలాయి. కళావతి నా చెవిలో చెప్పింది, ఫ్లెక్సీ చూసిన రోజు నుంచి ఆమె కంట ఒక్క చుక్క రాలేదట. చంపినదాన్ని, నాకు ఏడిసే హక్కు ఎక్కడిది అనేదట. పాప పుట్టు బట్టలు కూడా ముట్టుకోలేదట, పేరు కూడా పలకలేదట. ఇందాక కూడా పిల్ల అనే అంది కదా, అప్పుడు గాని నాకు తట్టలేదు.

జంపక్క ఆ హాలు మధ్యలో, ఎండ పట్టీ లేని నేల మీద కూలబడింది. రెండు చేతులూ ఒళ్ళో ఖాళీగా పెట్టుకుని, "సారక్కా! నా సారక్కా!" అని గొంతు చించుకుని అరిచింది. ఊరి ఆడవాళ్ళంతా పరుగెత్తి వచ్చి ఆమె చుట్టూ కూచున్నారు. హేమలత కూడా వాళ్ళ వెనక కూచుంది. ఆ పాప పేరు మా ఇద్దరికీ అప్పుడే తెలిసింది.